ఉదయం 6.30 బరువు: అమ్మ గుండెను ఇంటి నుంచే కనిపెట్టుకున్న ఆరు నెలలు

2025 జనవరి 6, సోమవారం. రాత్రి 11 దాటాక గుంటూరు నుంచి ఫోన్. అమ్మకి తోడుగా మేం పెట్టుకున్న అక్క గొంతు వణుకుతోంది. "మామ్మగారు పడుకోలేకపోతున్నారమ్మా. నడుం వాల్చగానే ఊపిరి అందట్లేదంట, లేచి కూర్చుంటున్నారు" అంది. వెంటనే 108కి చెయ్యమన్నాను. నేను విజయవాడ పటమటలో ఉంటాను. కారు మాట్లాడుకుని వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. అప్పటికే కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అమ్మ ముఖానికి ఆక్సిజన్ మాస్కు, చేతికి సూది. మంచం పక్కన వేలాడే మూత్రం సంచీ నర్సు ఖాళీ చేస్తూ, "నీరు బాగానే దిగుతోంది" అంది. ఆ మాట ఎంత మంచి మాటో నాకు అప్పుడు తెలియదు.

అమ్మకి 79. గుండె స్కానింగు ఎకోలో పంపింగ్ 30 శాతమే అన్నారు, గుండె వైఫల్యమట. ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు. వారం రోజులుంచి భోగి నాడు, అంటే 13న, ఇంటికి పంపారు. చేతిలో ఎనిమిది రకాల మందుల చీటీ, "ఉప్పు తగ్గించండి, నీళ్ళు రోజుకి లీటరున్నర దాటనివ్వకండి" అన్న రెండు మాటలు. బిల్లు లక్షా పన్నెండు వేలు. అమ్మకి ఇన్సూరెన్స్ లేదు.

ఫిబ్రవరి 1న మళ్ళీ అదే ఆస్పత్రి, అదే ఆయాసం. 19 రోజులు కూడా తిరగలేదు. ఈసారి ఐదు రోజులు, 86 వేలు. డాక్టరుగారు అమ్మని అడిగారు: "ఊరగాయ తింటున్నారామ్మా?" అమ్మ మొహం చిట్లించి, "అబ్బే, తినను బాబూ. కాస్త నంజుకుంటాను, అంతే" అంది. డాక్టరుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ నంజుకోవడం ఖరీదు 86 వేలని లెక్క కట్టుకుంటున్నాను. అకౌంట్స్ ఉద్యోగం కదా, అంకె కనిపిస్తే వదలదు.

డిశ్చార్జి రోజున ఒక కోఆర్డినేటర్ వచ్చి ఇంటి నుంచే కనిపెట్టే ప్లాన్ గురించి చెప్పాడు. ఇంటికి ఒక కిట్ వస్తుంది: బరువు చూసే మెషీన్, బీపీ మెషీన్, వేలికి పెట్టే ఆక్సిమీటర్, వీటి రీడింగులు పట్టుకుని పంపే సిమ్ కార్డున్న చిన్న డబ్బా. రోజూ ఉదయం చూసుకుంటే చాలు, అంకెలు వాళ్ళ సెంటర్‌కి వెళ్తాయి, తేడా వస్తే నర్సు ఫోన్ చేస్తుంది, అవసరమైతే డాక్టరు వీడియోలో మాట్లాడతారు. నెలకి 3,900 చొప్పున మూడు నెలలకి 11,700, డిపాజిట్ 5,000.

అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. వాడికి చెప్పగానే జర్మనీ అధ్యయనం ఒకటి పంపాడు. 2018లో వచ్చింది, 1,571 మంది గుండె వైఫల్యం ఉన్నవాళ్ళని ఏడాది చూశారు, ఇలా కనిపెట్టుకున్నవాళ్ళలో ఆస్పత్రిపాలైన రోజులూ మరణాలూ తగ్గాయి. నేను ఆ రాత్రి కూర్చుని ఇంకోటి పట్టాను: అమెరికాలో 2010లో వచ్చింది, 1,653 మంది రోజూ ఫోన్‌లో మెషీన్ గొంతుకి తమ బరువు, లక్షణాలు చెప్పారు, తేడా ఏమీ లేదు. "ఇదేంట్రా?" అంటే, "నువ్వు కట్టకపోతే నేను కడతా" అన్నాడు. అక్కడితో చర్చ అయిపోయింది. ఫిబ్రవరి 10న డబ్బు కట్టాం.

48 గంటల్లో వస్తుందన్న కిట్ 18న వచ్చింది. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ నాకు నిద్ర లేదు. బిగించే అబ్బాయి 20న వచ్చాడు, ఆ రోజు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. మొదటి చిక్కు, అమ్మ పడుకునే వెనక గదిలో సిగ్నల్ లేదు. డబ్బాని హాల్లో కిటికీ గూట్లో పెడితే పచ్చ లైటు వెలిగింది. ప్లగ్గు అక్కడికి అందదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు 350. పాత ఇళ్ళున్నవాళ్ళు ఇది ముందే చూసుకోండి.

రెండోది బరువు మెషీన్. అమ్మ మంచం పక్కన నాపరాళ్ళ మీద పట్టా పరిచి ఉంటుంది, కాళ్ళకి చల్లదనం తగలకుండా. మెషీన్ పట్టా మీద పెడితే ఒక అంకె, రాయి మీద పెడితే ఒక అంకె. తీసి రాయి మీద పెట్టాం. ఎక్కి చూస్తే 44.3. ఆస్పత్రిలో డిశ్చార్జి నాడు 46.8 రాశారు. "మెషీన్‌కీ మెషీన్‌కీ తేడా ఉంటుంది మేడమ్, ఇక నుంచి ఇదే లెక్క" అన్నాడా అబ్బాయి. సరేననుకున్నాను. రెండున్నర కిలోల తేడాని సరేననుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆఫీసులో రెండున్నర రూపాయలు తేడా వస్తే రాత్రి తొమ్మిదిదాకా కూర్చునేదాన్ని.

మూడోది ఫోన్. రోజూ ఉదయం 7కి రికార్డు చేసిన గొంతు ఒకటి వచ్చేది, ఇంగ్లిష్‌లో. అమ్మ రెండు రోజులు "రాంగ్ నంబరు" అని పెట్టేసింది. చెప్పి తెలుగులోకి మార్పించాను. "దయచేసి మీ శరీర భారమును నమోదు చేయండి" అంది ఆ గొంతు. అమ్మ ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి నా వైపు చూసి, "భారమా? నేనెవరికి భారమట?" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది.

ఆ వారం బరువు 44.1, 46.0, 44.9 అని గంతులేసింది. సెంటర్ నుంచి ఫోన్ లేదు. మొదటి మూడు నాలుగు రోజులూ "అలవాటు పడే రోజులు", హెచ్చరికలు రావట. 23 ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి 6.30కి పక్కనే నించుని చూశాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఊతం లేకుండా మెషీన్ ఎక్కలేదు. అక్క ముందు నించుంటుంది, అమ్మ ఎడంచెయ్యి అక్క భుజం మీద వేసి ఎక్కుతుంది. ఎక్కాక కూడా ఆ చెయ్యి అక్కడే. వేళ్ళు భుజం మీద ఎంత గట్టిగా ఆనితే అంకె అంత తగ్గుతోంది. చెయ్యి తియ్యమన్నాను. "పడతానే" అంది. వెనక మంచం ఉంది, నేను పట్టుకుంటాను అన్నాను. నాలుగు సెకన్లు. అంకె మెల్లగా పాకి 46.6 దగ్గర ఆగింది.

ఆ తర్వాత మంచం పక్కన గోడకి బాత్‌రూముల్లో పెట్టే స్టీలు పట్టుకొమ్మ బిగించాం, మనిషి కూలితో కలిపి 900. ఎక్కేటప్పుడు పట్టుకోవాలి, ఎక్కాక వదిలి నాలుగు లెక్కపెట్టాలి. బాత్‌రూముకి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, అదే పల్చటి నేత చీరతో.

మర్నాడు ఏమైందో చెప్పాలి. 24న మొదటిసారి సరైన బరువు వెళ్ళింది. 7.45కి నర్సు ఫోన్: "మేడమ్, పేషెంటుకి ఒక్క రోజులో 2.3 కిలోలు పెరిగింది, అర్జెంట్. నీరు తీసే మాత్ర డబుల్ చెయ్యాల్సి రావచ్చు." నేను భుజం కథ చెబుతున్నాను, ఆవిడ స్క్రీన్ చూసి చదువుతోంది. నిన్నటిదాకా వెళ్ళినవన్నీ తప్పుడు అంకెలని నమ్మించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పాత రీడింగులన్నీ కొట్టేసి 46.6ని మూల బరువుగా, అంటే ఇక రోజూ పోల్చి చూసే బరువుగా పెట్టారు. ఎవరూ అడగకపోతే, ఒంట్లో నీరే లేని మనిషికి నీరు తీసే మందు రెట్టింపు అయ్యుండేది.

అప్పటి నుంచి రోజూ 6.30కి నా ఫోన్‌లో యాప్ తెరవడం అలవాటైంది. 6.40కి అంకె రాకపోతే గుండె ఝల్లుమనేది. వచ్చేది. ఆక్సిమీటర్ ఒకరోజు 84 చూపించింది, నేను బస్సులో ఉన్నాను, మంగళగిరి దాటేదాకా అక్కతో ఫోన్‌లోనే ఉన్నాను. చూస్తే అమ్మ చేతులు చల్లగా ఉన్నాయి. అరచేతులు రుద్ది, ఇంకో వేలికి పెడితే 95. మనిషి మామూలుగా మాట్లాడుతూ అంకె మాత్రం పడిపోతే ముందు చెయ్యి వెచ్చబెట్టి చూడండి.

మార్చి 12 రాత్రి పదిన్నరకి అమ్మ మంచం మీద నుంచి లేవబోయి కళ్ళు తిరిగి కూలబడింది. దెబ్బ తగల్లేదు. బీపీ చూస్తే 88/54. మెషీన్ దాన్ని పంపింది, యాప్‌లో "మీ రీడింగ్ అందినది, ధన్యవాదములు" అని వచ్చింది. అంతే. ఫోన్ లేదు. సెంటర్ నంబరుకి చేస్తే పని వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకూ అని రికార్డింగు. నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూస్తే మూడో పేజీలో ఉంది, సన్న అక్షరాల్లో. ఆస్పత్రి క్యాజువాలిటీకి చేస్తే డ్యూటీ డాక్టరు పడుకోబెట్టి అరగంట ఆగి మళ్ళీ చూడమన్నాడు. 104/60కి వచ్చింది. మర్నాడు 8.10కి నర్సు: "రాత్రి బీపీ తక్కువొచ్చింది మేడమ్, ఇప్పుడెలా ఉన్నారు?" కోపంతో నాకు మాట రాలేదు. అన్నయ్య పంపిన జర్మనీ అధ్యయనంలో 24 గంటలూ డాక్టర్లు కాపలా ఉన్నారు. మేం కొన్నది పగటి కాపలా. డబ్బు కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రాత్రి రెండింటికి రీడింగ్ వెళ్తే చూసేదెవరు?

ఆ ఉదయం డాక్టరుగారు వీడియోలోకొచ్చి బీపీ తగ్గించే మందులు రెండూ ఒకేసారి వేసుకోకుండా ఉదయానికొకటి, రాత్రికొకటి మార్చారు. మంచం దిగే ముందు రెండు నిమిషాలు అంచున కూర్చోమన్నారు. అమ్మ వీడియో అనగానే కొంగు సర్దుకుని, డాక్టరుగారిని "టిఫిన్ చేశారా బాబూ" అని అడిగింది. తన కాళ్ళ వాపు సంగతి మాత్రం చెప్పలేదు. అడిగితేనే గానీ చెప్పదు.

ఇంతా తిట్టాక, పని చేసినప్పటి సంగతి కూడా చెప్పాలి. మార్చి 30 ఆదివారం ఉగాది. అన్నయ్యా వదినా పిల్లలతో వచ్చారు. నాకు ఆఫీసులో సంవత్సరాంతం లెక్కలు, మధ్యాహ్నానికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాను. పులిహోర, గారెలు, బొబ్బట్లు, మామిడికాయ పప్పు. అమ్మ అన్నీ కొంచెం కొంచెమే తిందని వదిన చెప్పింది. ఆదివారం ఉదయం బరువు 46.7. మంగళవారం, ఏప్రిల్ 1న, 47.9. బుధవారం 48.7. మా చీటీ మీద రాసి ఉన్న గీత అదే, మూడు రోజుల్లో రెండు కిలోలు. 7.40కి నర్సు ఫోన్ చేసింది. ఆయాసం ఉందా, రాత్రి నిద్ర పట్టిందా, దగ్గు ఉందా అని అమ్మనే అడిగింది. 11.15కి డాక్టరుగారు వీడియోలో మాట్లాడి, నీరు తీసే మాత్ర టార్సెమైడ్ మూడు రోజులు 10 ఎంజీ నుంచి 20కి పెంచి, చీటీ వాట్సాప్‌లో పంపారు. ఇది మా అమ్మకి ఆయన చెప్పిన మోతాదు, దయచేసి ఎవరూ చూసి వాడకండి. ఆరో తారీఖుకి 46.9. ఆస్పత్రి లేదు, సూది లేదు. జనవరిలో ఇదే నీరు ఎవరికీ కనబడకుండా వారం పాటు చేరి, అర్ధరాత్రి 108 దాకా తెచ్చింది.

అమ్మకి మాత్రం కోపం వచ్చింది. "నేను గారె తింటే కూడా వాళ్ళకి కబురెళ్ళిందా?" అని రెండు రోజులు మెషీన్ వైపు చూడకుండా ఎక్కింది.

నేను చేసిన తప్పు బయటపడింది కూడా అప్పుడే. మందు పెంచారు కాబట్టి 7న ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు, 1,150 అయింది. పొటాషియం 5.7, ఎక్కువ. డాక్టరుగారు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారు?" మార్చిలో నేనే కొన్నాను, లో సోడియం ఉప్పు, అమ్మకి మంచిదని, మామూలు ఉప్పుకి మూడు రెట్లు ధర పెట్టి. అందులో సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారట. అమ్మ వాడే స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లో నిలవేసే మందు, ఇంకో బీపీ మందుది కూడా అదే గుణం. పొటాషియం ఎక్కువైతే గుండె లయే తప్పుతుందన్నారు. ఆ ప్యాకెట్టు పారేసి, ఆ మాత్ర వారం ఆపితే 15వ తారీఖుకి 4.8. ఆ ఉప్పు సంగతి ఏ మెషీన్లోనూ రాలేదు, రాదు కూడా.

ఖర్చుల దగ్గర ఒక మంచి మాట కూడా ఉంది. ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఒక మాత్ర, షుగరు లేకపోయినా గుండెకిస్తున్నారు. ఫిబ్రవరిలో ఒక్కోటి 60 రూపాయల దగ్గర కొన్నాం. మార్చిలో దాని పేటెంట్ అయిపోయింది, ఏప్రిల్‌కి మందుల షాపతనే "అమ్మగారి మందు చవకైందండీ" అని వేరే కంపెనీది చూపించాడు, పది రూపాయల చుట్టుపక్కల. డాక్టరుగారిని అడిగి మార్చుకున్నాం.

ఇక మే నెల. ఏటా ఏప్రిల్ ఆఖర్లో అమ్మ ఆవకాయ పెడుతుంది, ఈసారీ పెట్టింది. కుర్చీలో కూర్చుని అక్క చేత కలిపించింది. కారం గుంటూరుది, ఆవపిండి, ఉప్పు, నూనె. మూడో రోజు కలియబెట్టి వేలితో ఊట తీసి ఉప్పు చూడటం యాభై ఏళ్ళుగా అమ్మ పని. ఆ రోజు అక్క చూసి చెప్పింది. అమ్మ తలూపి లోపలికెళ్ళిపోయింది. అప్పటి నుంచి తిండి మీద ఆశ పోయినట్టుంది. చప్పిడి పప్పు, చప్పిడి కూర, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. మేం ఉప్పు తగ్గిందని సంతోషించాం.

బరువు 46.5, 46.6, 46.4, 46.6. నెలంతా గీత గీసినట్టు. యాప్‌లో అంతా పచ్చ. 20న మూడు నెలలు అయిపోతే ఆలోచించకుండా ఇంకో మూడు నెలలకి కట్టేశాను. మా అబ్బాయి ఎంసెట్ హడావుడిలో రెండు ఆదివారాలు గుంటూరు వెళ్ళలేదు, పచ్చగానే ఉంది కదా అనుకున్నాను.

జూన్ 8 ఆదివారం వెళ్ళాను. అమ్మ హాల్లో నాన్నగారి పడక కుర్చీలో కూర్చుని ఉంది, పొద్దున్నే. "రాత్రి ఇక్కడే పడుకుంటున్నారమ్మా, వారం నుంచి. గాలి బావుందంటున్నారు" అంది అక్క. అప్పుడు కూడా నాకు వెలగలేదు. కాఫీ గ్లాసు అందిస్తుంటే అమ్మ చెయ్యి చాపింది. కుడిచేతి బంగారు గాజు మణికట్టు నుంచి జారి మోచేతి దాకా పోయింది. ఆ గాజు నాకు తెలుసు. నా పెళ్ళప్పుడు మెరుగు పెట్టించడానికి తియ్యాలంటే సబ్బు రాసి లాగాం, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడది చేతికి కాదు, కర్రకి తొడిగినట్టుంది. కిందకి చూశాను. అమ్మ హవాయి చెప్పులు విడిచి కాళ్ళు పీట మీద పెట్టుకుంది. చెప్పు పట్టీ ఉండే చోట పాదం మీద ఇంగ్లిష్ వి అక్షరంలా లోతుగా గుంట. వేలితో పక్కన నొక్కితే నొక్కిన చోట నొక్కినట్టే ఉండిపోయింది.

చేతులు ఎండిపోతున్నాయి, కాళ్ళు ఉబ్బుతున్నాయి. మెషీన్‌కి రెండూ కలిపి 46.6.

సెంటర్‌కి చేశాను. నర్సు మంచి పిల్లే, ఉగాదప్పుడు చేసింది తనే. "డ్యాష్‌బోర్డులో అంతా గ్రీనే ఉంది మేడమ్, వెయిట్ స్టేబుల్" అంది. కుర్చీలో పడుకుంటోందని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ఎన్ని రోజులుగా?" అంది. వారం అన్నాను. "రేపు తీసుకెళ్ళండి మేడమ్, ఈలోగా ఆయాసం పెరిగితే ఆగకండి" అంది. అంటే తనకీ తెలుసు. పడుకోలేక కూర్చోవడం ఈ జబ్బులో ఎంత పెద్ద గుర్తో జనవరి 6 రాత్రి అక్క నాకు ఫోన్‌లో చెప్పిన మొదటి మాటే. నేనే మర్చిపోయాను. యాప్‌లో ఆ గడి లేదు.

జూన్ 9న డాక్టరుగారు అమ్మ కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని, మెడ దగ్గర నరం చూసి, నాకు చెప్పారు: తిండి లేక కండ మూడు కిలోలు కరిగింది, అంత బరువూ నీరు వచ్చి చేరింది. వయసు మీదపడి బక్కచిక్కినవాళ్ళలో ఇలా అవుతుందట, అందుకే మూల బరువుని అప్పుడప్పుడూ మళ్ళీ తేల్చుకోవాలట. ఎవరు తేల్చాలి? అది ప్లాన్‌లో లేదు. ఆయన అడ్మిట్ చెయ్యలేదు. రెండు రోజులు ఉదయం తీసుకెళ్ళి నీరు తీసే లాసిక్స్ సూదిమందు వేయించుకుని, నాలుగు గంటలు ఉండి సాయంత్రానికి ఇంటికి. రక్తపరీక్షలతో కలిపి 8,550. వెళ్ళడం తేలికే గానీ, తిరిగొచ్చేటప్పుడు కారులో ముప్పావుగంట మూత్రం ఆపుకోలేకపోయింది అమ్మ. పెద్దవాళ్ళ డైపరు, పాత దుప్పటి తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళలేదు. అమ్మ ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

12వ తారీఖు బరువు 43.7. యాప్‌లో ఎర్రగా హెచ్చరిక వచ్చింది, బరువు బాగా తగ్గిందని. ఈసారి నేనే ఫోన్ చేసి 44ని మూల బరువుగా పెట్టించాను.

తర్వాత మార్చుకున్నవి చిన్నవే. తిండికి డాక్టరుగారే కాస్త మెట్టు దిగారు: ఊరగాయ వద్దు గానీ కూరలో ఉప్పు మరీ చప్పగా చెయ్యకండి, అసలు తినకపోవడం కంటే అది నయం. పెసరపప్పు, పాలు, పెరుగు, ఉడికించిన పల్లీలు, నిమ్మరసం, కొత్తిమీర కారం ఉప్పు లేకుండా. నిమ్మరసం పిండాక అమ్మ మొదటిసారి "ఇప్పుడు రుచి తెలుస్తోంది" అంది. నీళ్ళ లెక్కలో మజ్జిగ, రాగి జావ, కాఫీ అన్నీ వస్తాయని కూడా మాకు అప్పుడే తెలిసింది, అంతకుముందు మంచినీళ్ళే కొలిచేవాళ్ళం. అక్క ఇప్పుడు రోజూ ఉదయం లీటరున్నర నీళ్ళు స్టీలు బిందెలో పోసి పెడుతుంది. అమ్మ ఏది తాగినా అన్ని నీళ్ళు బిందెలోంచి తీసి పారబోస్తుంది. బిందె ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. ఇది ఎవరూ చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది.

నర్సు పిల్ల కూడా ఒక పని చేసింది. అమ్మ పేజీలో నోట్ పెట్టుకుని, సోమ, గురువారాల్లో ఫోన్ చేసి అంకెలు కాక రెండే అడిగేది: రాత్రి మంచం మీద పడుకున్నారా, ఎన్ని దిండ్లు. అక్క చెప్పులు విడిచిన పాదం ఫోటో పంపేది. అమ్మకి ఆ పిల్ల అలవాటైంది. "అమ్మమ్మా" అంటుందని. ఒక గురువారం ఫోన్ రాకపోతే "పిల్లకి ఒంట్లో బాగాలేదేమో, కనుక్కో" అని నాకు చేసింది.

ఆగస్టు 20న రెండో మూడు నెలలూ అయిపోయాయి. ఈసారి కట్టలేదు. అమ్మ నిలకడగా ఉంది, అక్కకి ఏం చూడాలో తెలుసు, డాక్టరుగారి క్లినిక్‌లో నర్సు వారానికి రెండుసార్లు వాట్సాప్‌లో బరువు పంపమంది. ఫిబ్రవరిలోనే ఇలా చేసేవాళ్ళమా అంటే చేసేవాళ్ళం కాదు, అప్పుడు మాకు ఏమీ తెలియదు. మళ్ళీ తేడా చేస్తే మళ్ళీ కడతాను. మొత్తం ప్లాన్‌కి 23,400 అయింది. డిపాజిట్ వారంలో ఇస్తామన్నారు, 23 రోజులకి వచ్చింది, బీపీ మెషీన్ పట్టీ పాతబడిందని 400 తగ్గించి. కొత్త బరువు మెషీన్ మేమే కొన్నాం, 1,100. అంకెలు పెద్దగా కనబడేది.

ఇప్పుడు యాప్ లేదు కాబట్టి బరువు గోడ మీద క్యాలెండర్లో రాస్తున్నారు, పాల లెక్క రాసే గడిలోనే, పెన్సిలుతో. రాసేది అమ్మే. మొన్న వెళ్ళినప్పుడు ఆగస్టు పేజీ వెనక్కి తిప్పి చూశాను. 27, వినాయక చవితి గడిలో అమ్మ వణుకు రాత: "44.4. ఉండ్రాళ్ళు 2." ఆ రెండుని కొట్టేసి పక్కన అక్క రాసింది, 5 అని.